మూడు తేదీలు అడుగుతారు, నాలుగోదాని నుంచి ఇస్తారు

చివరగా ఫుల్‌టైమ్ పని చేసింది ఎప్పుడు? జబ్బు ఉద్యోగానికి అడ్డురావడం మొదలైంది ఎప్పుడు? ఇక పని చేయలేని స్థితికి వచ్చింది ఎప్పుడు? సర్వీసులో వచ్చిన గాయం వల్లో జబ్బు వల్లో ఉద్యోగం చేయలేకపోతున్న అమెరికా మాజీ సైనికులు నింపే 21-8940 ఫారంలో ఈ మూడు తేదీలూ అడుగుతారు. తీరా భృతి మంజూరయ్యాక చూస్తే, చాలాసార్లు లెక్క మొదలయ్యేది నాలుగో తేదీ నుంచి. అంటే, దరఖాస్తు మాజీ సైనికుల శాఖకు అందిన రోజు. గొడవంతా అక్కడే.

ఈ భృతిని టీడీఐయూ అంటారు. రేటింగ్, అంటే జబ్బు తీవ్రతను బట్టి శాఖ వేసే శాతం, నూరు లేకపోయినా నూరు శాతం వాళ్లకిచ్చే మొత్తమే ఇస్తారు. మామూలుగా ఒకే జబ్బుకు 60 శాతం, లేదంటే అన్నీ కలిపి 70, అందులో ఒకటైనా 40 ఉండాలి. తేదీ రెండేళ్లు వెనక్కి జరిగినా ఎరియర్స్ గట్టిగానే వస్తాయి.

చట్టం మాట ఇది: దరఖాస్తు తేదీ, అర్హత వచ్చిన తేదీ, రెండింట్లో ఏది తర్వాతదైతే అది. జబ్బు ముదిరిన ఏడాదిలోపు అడిగితే మాత్రం ముదిరిన రోజు దాకా వెనక్కి వెళ్లొచ్చు.

1988లో చట్టం తెచ్చి ప్రత్యేక కోర్టు పెట్టేదాకా ఇలాంటి విషయాల్లో దాదాపు శాఖ మాటే ఆఖరు. 2001లో రాబర్సన్ కేసు ఓ మెట్టు ఎక్కించింది: జబ్బుకు ఆధారాలిచ్చి, ఉన్నంతలో పెద్ద రేటింగ్ అడిగిన మనిషి పని చేయలేకపోతున్నాడని ఫైల్లో కనిపిస్తే, పేరుపెట్టి అడగకపోయినా టీడీఐయూ పరిశీలించాల్సిందే. 2009లో రైస్ కేసు ఇంకా తేల్చి చెప్పింది. టీడీఐయూ వేరే క్లెయిం కాదు, రేటింగ్ క్లెయింలో భాగమేనంది. నన్నడిగితే అప్పీలుకు వెళ్లేవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చిన తీర్పు ఇదే. ఫారం ఆలస్యంగా ఇచ్చినా, అసలు క్లెయిం ఇంకా నడుస్తుంటే దాని తేదీ దాకా వెళ్లే దారి దొరికింది.

మరోపక్క తలుపులు మూసుకుంటూ వచ్చాయి. గడువు దాటి ఖాయమైపోయిన నిర్ణయంలో తేదీ ఒక్కటే మార్చమని విడిగా అడగడం కుదరదని 2006లో రడ్ కేసులో తేలింది. అధికారులు అప్పట్లోనే స్పష్టమైన తప్పు చేశారని చూపించాలి. 2015 మార్చి నుంచి మామూలు ఉత్తరాన్ని దరఖాస్తుగా తీసుకోవడం ఆగిపోయింది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త అప్పీల్ పద్ధతిలో మూడు దారులున్నాయి, కానీ పాత తేదీ నిలవాలంటే ఏడాదిలోపు కదలాలి.

2023లో అరెల్లానో అనే మాజీ సైనికుడి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇది టీడీఐయూ కేసు కాదు గానీ, తేదీ పేచీయే. 1981లో నేవీ వదిలిన ఆయన 2011లో దరఖాస్తు పెట్టారు. మానసిక జబ్బు వల్లే ఆలస్యమైందన్నారు. సర్వీసు వదిలిన ఏడాదిలోపు అడిగితే వదిలిన మర్నాటి నుంచే లెక్కిస్తారు; ఆ ఏడాది గడువును సడలించే వీల్లేదని జడ్జీలంతా ఒక్కమాటగా చెప్పారు. ఆయన లెక్క 2011 నుంచే.