పర్వీన్ అంటే ఒక్క చుక్క కాదు

పిల్లల పేర్ల జాబితాల్లో పర్వీన్‌కు ఎదురుగా 'నక్షత్రం' అని రాసి ఊరుకుంటారు. అది సగం అర్థమే. పారసీకంలో పర్వీన్ అంటే కృత్తికలు, మన పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుంపు. కార్తీకంలో చీకటి పడ్డాక తూర్పున చూడండి. చేయి చాపి బొటనవేలు అడ్డం పెడితే మరుగుపడేంత జాగాలో ఆరు చుక్కలు ఒద్దికగా ఒదిగి ఉంటాయి.

పారసీక కవులకు నచ్చింది ఆ ఒద్దికే. దానికి ఎదురుగా వాళ్లు సప్తర్షి మండలాన్ని నిలబెడతారు. అరబ్బీలో దాని పేరు బనాతున్నాష్, అంటే పాడె కూతుళ్లు: నాలుగు చుక్కలు పాడె, వెనక నడిచే మూడు కూతుళ్లు. చెదిరిపోతే బనాతున్నాష్, కూడి ఉంటే పర్వీన్. కృత్తికలకు అరబ్బీ పేరు సురయ్యా. అక్కకు సురయ్యా, చెల్లికి పర్వీన్ అని పెడితే ఇద్దరిదీ ఒకే పేరన్నమాట!

ఇరాన్‌లో ఈ పేరుకు పెద్ద గుర్తు కవయిత్రి పర్వీన్ ఎతెసామీ. 1907లో తబ్రీజ్‌లో పుట్టింది, అసలు పేరు రఖ్షందే. 1941లో, నడివయసు రాకముందే పోయింది. సమాధి మీద చెక్కిన పద్యం ఆమె ముందే రాసుకున్నదే: నల్లమట్టిని తలగడ చేసుకున్న ఈమె సాహిత్యాకాశపు చుక్క పర్వీన్. ఉర్దూలో ఆ స్థానం కరాచీ కవయిత్రి పర్వీన్ షాకిర్‌ది (1952–1994).

హైదరాబాద్ పాతబస్తీలో ఇది ఎక్కువగా రెండో మాటగా వస్తుంది: షబానా పర్వీన్, అస్మా పర్వీన్. సుల్తానా, బేగం లాంటిదే తప్ప ఇంటిపేరు కాదు. దరఖాస్తులో ఇంటిపేరు గడిలో పర్వీన్ అని నింపితే, తండ్రి కాగితాలతో కలవక తర్వాత తిప్పలు తప్పవు.

అంతకన్నా పెద్ద చిక్కు లిపిది. ఉర్దూలో ఈ పేరుకు ఐదే అక్షరాలు: పే, రే, వావ్, యే, నూన్. హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు కాబట్టి సంస్కృతపు ప్రవీణ్‌ను కూడా చాలామంది ఆ ఐదక్షరాలతోనే రాస్తారు. ఉర్దూ కాగితం చూసి తెలుగులోకి ఎక్కించేవారు తమకు అలవాటైన పేరే చదువుతారు, అమ్మాయి కాస్తా ప్రవీణ్ అయిపోతుంది. నేర్పరి అనే ఆ సంస్కృత పదానికీ చుక్కలకూ చుట్టరికమే లేదు. తెలుగులో రాసేటప్పుడు ప కింద రావత్తు పెట్టకూడదు, చివర న్ ఉండాలి, ణ్ కాదు.