ఊరు మారాక పని కుదరట్లేదా? ఒక రిక్రూటర్ రోజూ వినే అపోహలు

12 ఏళ్లుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను, వారానికి ఒకటైనా ఇలాంటి ఫోన్ వస్తుంది. "సార్, ఊరు మారి నాలుగు నెలలైంది, పాత చోట ఎనిమిదేళ్లు చేశా, ఇక్కడ ఒక్కడూ పిలవట్లేదు, పిలిచినా నెల పని ఇచ్చి పంపేస్తున్నారు, నాలో ఏమైనా లోపం ఉందా" అని. లోపం గీపం ఏమీ ఉండదు చాలాసార్లు. అక్కడ మీ పని కళ్లారా చూసినవాళ్లు పదిమంది ఉన్నారు, ఇక్కడ ఒక్కరూ లేరు, అంతే.

అపోహ: రోజుకి యాభై అప్లికేషన్లు కొడితే ఏదో ఒకటి తగులుతుంది.

వాస్తవం: రెజ్యూమేలు కుప్పగా వచ్చినప్పుడు ఒక్కోదాని మీద మేం నిమిషం కూడా పెట్టం. గొప్పకి చెప్పట్లేదు, జరిగేదే అది. ఆ నిమిషంలో పాత ఊరి అడ్రస్ కనపడిందా, "ఈయన ఎప్పుడొస్తాడో ఏంటో" అని పక్కన పెట్టేస్తాం. మొన్న ఒకాయన ఈ ఊరొచ్చి ఐదు నెలలైనా రెజ్యూమేలో పాత అడ్రసే ఉంచాడు. పేరు కింద "ఇక్కడే ఉంటున్నాను, వెంటనే చేరగలను" అని ఒక్క లైను పెట్టించా. తర్వాతి రెండు వారాల్లో మూడు చోట్ల నుంచి పిలిచారు.

అపోహ: పని దొరకాలంటే తెలిసినవాళ్లుండాలి, నాకు ఇక్కడ ఎవరూ లేరు.

వాస్తవం: మొదటి సగం చాలావరకు నిజమే. కానీ తెలిసినవాళ్లంటే ప్రాణ స్నేహితులే అనుకోవడం దగ్గర తప్పు జరుగుతోంది. అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ ఉద్యోగం మారినవాళ్లని అడిగి 1973లో ఒక రీసెర్చ్ పేపర్ రాశాడు. పరిచయాల ద్వారా పని దొరికినవాళ్లలో, ఆ చెప్పిన మనిషిని తరచూ కలిసేవాళ్లు ఆరుగురిలో ఒక్కరే, మిగతావాళ్లు ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లే. ఎందుకంటే మన దగ్గరివాళ్లకి తెలిసిన కబుర్లు మనకీ తెలిసినవే. కాబట్టి పాత ఆఫీసులో పక్క సెక్షన్‌లో చేసి ముందే ఈ ఊరొచ్చేసినవాడికి మొహమాటపడకుండా మెసేజ్ పెట్టండి. "ఏమన్నా ఉంటే చూడండి" అనొద్దు, ఆ మాట ఫోన్ పెట్టగానే మర్చిపోతారు. "మీ దగ్గర బిల్లింగ్ ఎవరు చూస్తారు, ఆయనతో పది నిమిషాలు మాట్లాడించగలరా" అనండి.

అపోహ: టెంపరరీ పని పడితే రెజ్యూమే పాడైపోతుంది.

వాస్తవం: నాకు దీనితోనే ఎక్కువ గొడవ. అకౌంట్స్ చేసే ఒకావిడని, ఎవరో మెటర్నిటీ లీవ్‌లో ఉన్న సీట్లో మూడు నెలలు చేయమంటే, పదేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుని లీవ్ వేకెన్సీకి వెళ్లాలా అని మొహం చిన్నబుచ్చుకుంది. సరేనని వెళ్లింది. మూడు నెలలయ్యాక అక్కడ ఖాళీ లేదు, కానీ ఆవిడ ఇయర్ ఎండ్ లెక్కలు తేల్చిన తీరు అక్కడికి వచ్చే ఆడిటర్ చూశాడు, ఆయనే ఇంకో క్లయింట్‌కి చెప్పాడు, ఇప్పుడు అక్కడ పర్మనెంట్. అయితే వచ్చిన ప్రతి చిల్లర పనీ పట్టుకుంటే వెతకడానికి టైమే మిగలదు, వారంలో రెండు పూటలైనా దానికి ఉంచుకోండి. ఎన్ని రోజులు, ఎంత ఇస్తారు అన్నది మెసేజ్‌లో అయినా రాయించుకోండి. రెజ్యూమేలో ఆ చిన్న పనులన్నీ ఒకే హెడ్డింగ్ కింద పెట్టండి, విడివిడిగా రాస్తే నిలకడ లేని మనిషిలా కనపడతారు.

అపోహ: కన్సల్టెన్సీకి డబ్బు కడితే పని గ్యారంటీ.

వాస్తవం: కాదు. మాకు ఫీజు ఇచ్చేది కంపెనీ. పని వెతుక్కునేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 ఒప్పందంలోనే ఉన్న సూత్రం. రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ అన్నా, డిపాజిట్ అన్నా, ముందు డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

ఇంకోటి, తెలీని నంబర్ అని కాల్ కట్ చేయకండి బాబూ, మేం చేసేది మీకు తెలీని నంబర్ నుంచే.