టెస్టర్ రెండు బొక్కల్లోనూ వెలిగితే

రాజోలు దగ్గర పల్లె నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "వంటింటి ప్లగ్గులో మిక్సీ తిరగడం లేదండి. టెస్టర్ పెడితే రెండు బొక్కల్లోనూ వెలుగుతోంది. రెండు వైపులా కరెంటు ఉన్నప్పుడు మిక్సీ ఎందుకు తిరగదు?" ఈ ప్రశ్న నాకు ఎంతగా నచ్చిందో చెప్పలేను. సాకెట్ మార్చడం, ఫ్యూజు వేయడం లాంటివి ఏ ఎలక్ట్రీషియన్‌ని అడిగినా చెబుతాడు. ఆ రెండో వెలుగు సంగతి మాత్రం తీరిగ్గా చూడాల్సిందే.

జవాబు ముందే చెప్పేస్తాను: న్యూట్రల్ తెగింది. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే కుడి రంధ్రం ఫేజ్, ఎడమది న్యూట్రల్, పైన ఉన్న పెద్దది ఎర్త్. ఎడమ రంధ్రంలోని తీగ మీటరు మీదుగా ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోవాలి. దారిలో ఎక్కడో ఊడింది. మరి ఊడిన తీగలోకి టెస్టర్‌ను వెలిగించే కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చింది?

డెల్టా వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి మనం నీటి మట్టాలు చూస్తూ బతుకుతున్నాం. ఫేజ్ అంటే పంట కాలువ, న్యూట్రల్ అంటే మురుగు కాలువ, మధ్యలో చేను మన మిక్సీ. రెండు కాలువల మట్టాల్లో తేడా ఉంటేనే చేలో నీరు పారుతుంది. మురుగు కాలువకు దిగువన గుర్రపుడెక్క అడ్డం పడిందనుకోండి. నీరు పోయే దారి లేక చేలో నిలుస్తుంది, పంట కాలువ మట్టం దాకా పెరిగి ఆగుతుంది. అడ్డం వరకూ మురుగు కాలువలోనూ అదే మట్టం. రెండు కాలువలూ నిండుగా ఉన్నాయి, పారకం మాత్రం లేదు. టెస్టర్ మట్టాన్నే చూస్తుంది, పారకాన్ని చూడదు.

ఇంకొకటి. ఒకే మురుగు కాలువలోకి చాలా చేలు దిగుతాయి. వంటింటి ప్లగ్గులో ఏమీ పెట్టకపోయినా, హాల్లో స్విచ్ వేసి ఉన్న ఒక్క బల్బు గుండా ఆ కాలువ మొత్తం నిండిపోతుంది. లెక్క చూడండి. టెస్టర్‌లో చిన్న నియాన్ బల్బు, దానికి వరసలో సుమారు 10 లక్షల ఓమ్‌ల నిరోధకం ఉంటాయి. 230 వోల్టుల్లో నియాన్ 60 తీసుకుంటే మిగిలిన 170 నిరోధకం మీద పడతాయి. అంటే మన వేలి గుండా పోయేది 0.17 మిల్లీ ఆంపియర్లు. 60 వాట్ల పాతరకం బల్బు వెలిగేటప్పుడు దాని నిరోధం 882 ఓమ్‌లు, చల్లగా ఉంటే అందులో పదో వంతు. అంత చిన్న కరెంటుకు బల్బులో పోయేది వోల్టులో వందో వంతు పైచిలుకే. మిగతా 230 వోల్టులూ ఎడమ బొక్కలో సిద్ధంగా ఉంటాయి. మిక్సీ తిరగడం లేదు కదా అని ఆ తీగ పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో అన్ని స్విచ్‌లూ ఆపి, ప్లగ్గులన్నీ పీకి మళ్లీ టెస్టర్ పెట్టండి. ఎడమ బొక్కలో వెలుగు పోతుంది. ఒక బల్బు స్విచ్ వేయండి. బల్బు వెలగదు, ఎడమ బొక్కలో టెస్టర్ వెలుగుతుంది. ఇక న్యూట్రల్ తెగిందనడంలో అనుమానం లేదు. (ఒకే పైపులో పక్కపక్కన పోయే తీగలు తాకకపోయినా ఒకదాని వోల్టేజి ఇంకొకదానికి కాస్త అంటుతుంది, దాన్నే కెపాసిటెన్స్ అంటారు; దాని వల్ల మసక వెలుగు మిగిలితే పట్టించుకోవద్దు.) ఒక్క బోర్డులోనే ఇలా ఉంటే ఆ బోర్డులోనో, దానికి వచ్చే తీగలోనో ఊడింది. ఇల్లంతా ఇలాగే ఉంటే మెయిన్ దగ్గరో, స్తంభం మీదో ఊడింది.

బడిలో ఓమ్ సూత్రం చెబుతాం, లెక్కలు చేయిస్తాం. ఆపి ఉన్న స్విచ్‌కు ఆ పక్క ఎంత పొటెన్షియల్ (అంటే వోల్టుల మట్టం), ఈ పక్క ఎంత అని మాత్రం ఏ పరీక్షలోనూ అడగం. అడిగితే పదో తరగతి పిల్లలు ఈ ప్లగ్గు సంగతి తామే తేల్చేవారు.

మన వైపు న్యూట్రల్ ఊడటానికి కారణాలు మామూలే. స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు అల్యూమినియం, ఇంట్లోది రాగి. రెంటినీ మెలిపెట్టి వదిలేస్తే అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి ఆ ముడి తుప్పు పడుతుంది. మీటరు ఆగ్నేయంలో ఉండాలని పట్టుబట్టేవాళ్లున్నారు. ఆగ్నేయంలో పెట్టుకోండి, కానీ ఆ గోడ చెమ్మ పీలుస్తుంటే ఏ దిక్కూ కాపాడదు.

న్యూట్రల్ పోయిందనగానే కొందరు ఎర్త్ రాడ్ నుంచి తీగ లాగి ఎడమ బొక్కలో కలుపుతారు. మన నేల తడి నేల కాబట్టి బల్బు చక్కగా వెలుగుతుంది, అసలు ప్రమాదం ఆ వెలగడంలోనే ఉంది. రాడ్ నిరోధం 20 ఓమ్‌లు ఉండి, ఇంట్లో 5 ఆంపియర్లు వాడితే రాడ్ మీద 100 వోల్టులు నిలుస్తాయి. ఎర్త్ తీగ కలిసిన ఫ్రిజ్ తలుపూ, మోటారు ఒళ్లూ ఆ 100 వోల్టుల మీదే ఉంటాయి. తడి కాళ్లతో ఫ్రిజ్ తీసే పిల్లల్ని తలుచుకుంటే నాకు భయం వేస్తుంది. దయచేసి ఈ పని ఎవరినీ చేయనివ్వకండి.

స్తంభం మీదే న్యూట్రల్ తెగితే కథ మారుతుంది. ఇక్కడికి కాలువల పోలిక కూడా చాలదు, ఎందుకంటే స్తంభం మీది మూడు ఫేజ్ తీగల మట్టాలూ సెకనుకు 50 సార్లు ఒకదాని వెనక ఒకటి పైకీ కిందికీ ఊగుతుంటాయి. ఏ రెండు ఫేజుల మధ్య చూసినా 400 వోల్టులు. వేరే వేరే ఫేజుల మీదున్న రెండిళ్లు, తెగి మిగిలిన న్యూట్రల్ ముక్క ద్వారా ఒకదానికొకటి కలిసి, ఆ 400 వోల్టుల మధ్య వరసగా పడతాయి. ఒక ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె (53 ఓమ్‌లు), రెండో ఇంట్లో 100 వాట్ల బల్బు (529 ఓమ్‌లు) నడుస్తుంటే బల్బు మీద దాదాపు 364 వోల్టులు పడతాయి, ఇస్త్రీ పెట్టెకు 36 మిగులుతాయి. తక్కువ వాడుతున్న ఇంట్లోనే టీవీ కాలిపోతుంది. గాలివానకు కొబ్బరి మట్ట తీగల మీద పడ్డాక మీ బల్బులు మరీ తెల్లగా మండుతూ, పక్కింట్లో గుడ్డిగా వెలుగుతుంటే, వెంటనే మెయిన్ ఆపి, పక్కింటివాళ్లకూ చెప్పి, లైన్‌మన్‌కు ఫోన్ చేయండి.