గుడ్లగూబ కాలికి రింగు వేయడం గురించి నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

పోయిన అక్టోబర్‌లో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టా. నా చేతిలో పిడికెడంత గుడ్లగూబ, పసుపు కళ్ళు, పిల్లిపిల్ల మొహం. పది నిమిషాల్లో అమ్మ ఫోన్, "ఆ దరిద్రపు పిట్టని చేత్తో ముట్టుకున్నావా, ముందు తలస్నానం చేసి ఇంట్లోకి పో" అని. బాబాయేమో "నోరులేని జీవాన్ని పట్టుకుని కాలికి సంకెళ్ళేస్తావేంట్రా, పాపం తగుల్తుంది" అని. ఆఫీసులో వాళ్ళకి చూపిస్తే "ఎంత ముద్దుగా ఉందో, మేమూ వచ్చి నిమురొచ్చా" అన్నారు. ముగ్గురికీ విడివిడిగా సమాధానం చెప్పే ఓపిక లేక ఇదంతా ఒకేచోట రాస్తున్నా.

నేను పగలు సాఫ్ట్‌వేర్, అక్టోబర్ నుంచి నవంబర్ దాకా వారానికి రెండు మూడు రాత్రులు అమెరికాలోని పెన్సిల్వేనియా కొండల్లో ఒక బ్యాండింగ్ స్టేషన్‌లో వాలంటీర్‌ని. అంటే వలస పక్షుల్ని వలతో పట్టి, కాలికి నంబరున్న రింగు వేసి, కొలతలు రాసుకుని వదిలేసే చోటు. మేం పట్టేది ఎక్కువగా నార్తర్న్ సా-వెట్ ఔల్ అనే చిన్న గుడ్లగూబని. రంపానికి ఆకురాయి పెట్టి రుద్దినట్టు అరుస్తుందని ఆ పేరు. బరువు మగది సుమారు 75 గ్రాములు, ఆడది 90, 100 దాకా, అంటే పెద్ద యాపిల్‌కి సగం కూడా తూగదు.

అపోహ: వల కట్టడం వస్తే ఎవరైనా పట్టుకోవచ్చు

లేదండి, జైలుకి కూడా పోవచ్చు. అమెరికాలో అడవి పక్షికి రింగు వేయాలంటే యూఎస్‌జీఎస్ అనే ప్రభుత్వ సైన్స్ సంస్థ కింద ఉన్న బర్డ్ బ్యాండింగ్ ల్యాబ్ పర్మిట్ కావాలి. ఈ ల్యాబ్ 1920 నుంచి నడుస్తోంది, మేరీల్యాండ్‌లోని పటక్సెంట్‌లో ఉంటుంది. రింగులు ఇచ్చేది వాళ్ళే, లెక్క అడిగేదీ వాళ్ళే. నేను చాన్నాళ్ళు పక్షిని ముట్టుకోనేలేదు, స్తంభాలు మోయడం, వలలు విప్పడం, ఎవరో చెప్తుంటే నంబర్లు రాసుకోవడం, ఇదే పని. ఇండియాలో దీన్నే రింగింగ్ అంటారు, అక్కడ ఈ పని ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. మన దగ్గరైతే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గుడ్లగూబని పట్టడం, అమ్మడం నేరం, అయినా దీపావళి వస్తోందంటే క్షుద్రపూజలకని పట్టుకుపోయేవాళ్ళు ఇంకా ఉన్నారు. రింగు వేసేవాళ్ళ మీద జాలిపడే జనం ముందు దాని గురించి ఆలోచిస్తే బావుణ్ణు.

అపోహ: కాలికి గొలుసు వేసినట్టే, ఎగరలేదు

రింగు అల్యూమినియంది, సా-వెట్‌కి నాలుగో సైజులో పొట్టి రకం వాడతాం, ఒక గ్రాము కూడా ఉండదు. ప్రతి జాతికీ ఫలానా సైజు అని ల్యాబ్ లిస్టు ఉంటుంది. చేతికి గాజు ఉన్నట్టు కాలి మీద వదులుగా తిరగాలి, కానీ పాదం దాటి కిందికి జారకూడదు, ఆ మధ్య సరిపోవాలి. దానికోసం సైజుకి తగ్గ రంధ్రాలున్న ప్లయర్ ఉంటుంది, అందులో పెట్టి నొక్కితే రెండు అంచులూ సందు లేకుండా కలుస్తాయి. సందు మిగిలితే దారం, ఈక ఏదో ఒకటి ఇరుక్కుంటుంది కాబట్టి లైటు కింద పెట్టి చూసి, గోరుతో కూడా తడిమి చూస్తాం. పెద్ద గుడ్లగూబలు ముక్కుతో పీకి ఊడదీసుకోగలవు, అందుకే వాటికి లాక్ పడే రకం రింగులు.

అపోహ: వలలో పడి గిలగిలా కొట్టుకుని చస్తాయి

ఇది అడిగేవాళ్ళ మీద నాకు కోపం రాదు, అడగాల్సిన ప్రశ్నే. ప్రమాదం లేదు అని నేను చెప్పను. వలలో పక్షిని ఎక్కువసేపు వదిలేస్తే ప్రమాదమే, కాబట్టి పనంతా ఆ టైం తగ్గించడం చుట్టూనే తిరుగుతుంది. మిస్ట్ నెట్ అంటే పన్నెండు మీటర్ల పొడవుండే సన్న దారం వల, అడ్డంగా తాళ్ళు ఉండి ఆ తాళ్ళ కింద వల సంచిలా వదులుగా వేలాడుతుంది, పక్షి వచ్చి తగిలి ఆ సంచిలోకి జారి మెత్తగా ఉయ్యాల్లో పడ్డట్టు ఉండిపోతుంది. చీకటి పడ్డాక వలలు తెరిచి మగపక్షి కూతని స్పీకర్లో పెడతాం, టూట్ టూట్ టూట్ అని ఆపకుండా గంటలకొద్దీ, ఇంటికొచ్చి పడుకున్నా చెవిలో అదే మోగుతుంది. అరగంటకోసారి వెళ్ళి వలలన్నీ చూస్తాం. చినుకు పడ్డా గాలి పెరిగినా మూసేయడమే. బార్డ్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబ దగ్గర్లో అరిచినా మూసేస్తాం, అది ఈ చిన్నవాటిని తినేస్తుంది, మేం స్పీకర్ పెట్టి చిన్నవాటిని పిలుస్తుంటే అది భోజనానికి కూర్చున్నట్టు అవుతుంది.

వలలోంచి తీయడం అసలు విద్య. ఎటువైపు నుంచి వచ్చి పడిందో అటువైపు నుంచే తీయాలి, ముందు కాళ్ళు చేతికి దొరకాలి. గోళ్ళు వల దారాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటాయంటే ఒక్కో వేలూ బతిమాలి విప్పాలి, ఈలోపు ముక్కుతో టక్ టక్ మని బెదిరిస్తూ ఉంటుంది. రెండేళ్ళ కిందట ఒక రాత్రి ఒకే రౌండులో ఏడు పడ్డాయి, మేం ముగ్గురమే ఉన్నాం. మా సీనియర్ ఆవిడ వాటిలో మూడింటిని రింగు లేకుండా, బరువు చూడకుండా, అక్కడికక్కడే వదిలేసింది. నాకు లోపల ఉసూరుమంది, మూడు రికార్డులు పోయాయే అని. ఆవిడ ఏమీ అనలేదు, మిగతా వలలు మూస్తూ పోయింది. ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్ళెవరో నాకు ఆ రాత్రి తెలిసింది.

అపోహ: నిమిరితే కళ్ళు మూసుకుంటుంది, హాయిగా ఉన్నట్టే

ఆ వీడియోలు నేనూ చూశా. సా-వెట్‌కి ప్రమాదం అనిపిస్తే ఎగిరిపోవడం కంటే కదలకుండా బిగుసుకుపోవడం అలవాటు. అది చూసి మచ్చికైంది అనుకుంటాం. మా స్టేషన్‌లో నిమరడం ఉండదు, సెల్ఫీ ఉండదు, నా ఫోటో కూడా కొలతలు రాస్తున్నప్పుడు పక్కనున్నవాళ్ళు తీసిందే. పైగా ఆ మెత్తటి ఈకల్లోంచి చదునుగా ఉండే ఒక రకం ఈగలు బయటికొచ్చి మన జుట్టులో దూరతాయి, నిమరాలనే కోరిక దాంతో పోతుంది. (అమ్మ తలస్నానం సలహా ఈ ఒక్క విషయంలో కరెక్టే.)

అపోహ: మనిషి వాసన తగిలితే తల్లి రానివ్వదు

అక్టోబర్లో గూట్లో పిల్లలే ఉండవు, ఇవి వలస వెళ్తున్న పక్షులు. వాసన చూసి పిల్లల్ని వదిలేయడం అనేదే కట్టుకథ.

అపోహ: లైటు వేస్తే గుడ్డివైపోతాయి, అసలే పగలు కనబడదు

పగలు బానే కనిపిస్తుంది. లైటు సంగతికొస్తే, గదిలో కొలతలు తీసిన పక్షిని వెంటనే బయట చీకట్లోకి వదిలితే ఇబ్బందే, అందుకే కాసేపు చీకటిగా ఉన్న పెట్టెలో ఉంచి, కళ్ళు సర్దుకున్నాక చేతి మీద కూర్చోబెట్టి వదులుతాం. వల దగ్గరికెళ్ళేటప్పుడు ఎర్ర లైటు.

ఆ గదిలో ఏం చేస్తాం అంటే, తలకిందులుగా ఒక జ్యూస్ డబ్బాలో పెట్టి తూకం వేస్తాం, నిజంగానే జ్యూస్ డబ్బా, అందులో తల దూరగానే కదలకుండా ఉంటుంది, కాళ్ళు మాత్రం బయటికి. రెక్క పొడవు కొలుస్తాం, రెక్క పొడవు బరువు రెండూ కలిపి పట్టికలో చూస్తే ఆడదో మగదో తెలుస్తుంది, మధ్యలో పడితే "తెలీదు" అని రాయడమే. నాకు బాగా నచ్చేది మాత్రం వయసు చూడటం. గదిలో లైట్లు ఆర్పి రెక్క విప్పి అడుగువైపు అల్ట్రావయొలెట్ లైటు వేస్తే ఈకలు గులాబీ రంగులో వెలుగుతాయి! పోర్ఫిరిన్ అనే రంగు పదార్థం వల్ల అది, ఈక కొత్తగా ఉన్నప్పుడు ఎక్కువ, వెలుతురు తగిలి పాతబడేకొద్దీ తగ్గిపోతుంది. రెక్కంతా ఒకేలా గులాబీ అయితే అన్ని ఈకలూ ఒకేసారి వచ్చినట్టు, అంటే ఈ ఏడాదే పుట్టింది. కొన్ని గులాబీ కొన్ని వెలిసిపోయినవి అయితే కొంత ఈక మార్చుకుంది, పెద్దది. ఎన్నిసార్లు చూసినా గదిలో అందరూ ఒక్క క్షణం మాట్లాడరు.

అపోహ: రింగులో జీపీఎస్ ఉంటుంది, ఎక్కడుందో ఫోన్లో చూస్తారు

అబ్బే, అది ఒట్టి నంబరు, బ్యాటరీ లేదు సిగ్నల్ లేదు. ఆ పక్షి మళ్ళీ ఎవరి వలలోనో పడాలి, లేదా కారు కిందో కిటికీ అద్దానికో తగిలి చచ్చి ఎవరికో కనబడాలి, వాళ్ళు ఆ నంబరు చెప్పాలి. రింగు వేసినవాటిలో ఎక్కువ శాతం మళ్ళీ ఎప్పటికీ కనబడవు. మరి ఎందుకీ కష్టం అంటే, ఒకటి దొరికినా అది చెప్పే సంగతి మరోలా తెలియదు. ఒక స్నోయీ ఔల్‌కి (తెల్ల గుడ్లగూబ) 1992లో మసాచుసెట్స్‌లో రింగు వేస్తే 2015లో మొంటానాలో దొరికింది, అంటే 23 ఏళ్ళు పైనే బతికింది. 2005లో ఒహాయోలో దొరికిన గ్రేట్ హార్న్‌డ్ ఔల్ అనే పెద్ద గుడ్లగూబ వయసు కనీసం 28 ఏళ్ళు.

సా-వెట్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో చాలాచోట్ల దీన్ని అరుదైన పక్షి అనుకునేవాళ్ళు, ఎందుకంటే రాత్రిపూట చడీచప్పుడు లేకుండా వలస పోతుంది, పగలు దట్టమైన కొమ్మల్లో కదలకుండా కూర్చుంటుంది, ఎవరికీ కనబడదు. కూత పెట్టి పిలిచే పద్ధతి 1980ల నుంచి వ్యాపించాక ఎక్కడ వల కట్టినా పడటం మొదలెట్టాయి. 1990ల్లో ప్రాజెక్ట్ ఔల్‌నెట్ అని మొదలై ఇప్పుడు వందకి పైగా స్టేషన్లు ఒకే పద్ధతిలో చేస్తున్నాయి. కొన్నేళ్ళకోసారి, ఉత్తరాదిన ఎలుకలు బాగా పెరిగి గుడ్లగూబ పిల్లలు ఎక్కువగా బతికి, తర్వాత తిండి తగ్గినప్పుడు, ఇవి వెల్లువలా దక్షిణానికి దిగుతాయి, 2007, 2012 అలాంటివే. 2020 నవంబర్లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్ క్రిస్మస్ చెట్టులో దొరికి పేపర్లకెక్కిన రాకీ గుర్తుందా, అదీ సా-వెట్టే.

మీకెప్పుడైనా కాలికి రింగున్న పక్షి కనబడితే, చచ్చి ఉంటే రింగుని నాలుగువైపులా తిప్పి ఫోటోలు తీయండి, అంకెలన్నీ పడాలి. అమెరికా, కెనడాల్లో అయితే రిపోర్ట్‌బ్యాండ్ డాట్ గవ్‌లో ఎక్కించండి, దానికెప్పుడు ఎక్కడ ఎవరు రింగు వేశారో మీకే సర్టిఫికెట్ వస్తుంది. ఇండియాలో అయితే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి రాయండి. పక్షి బతికి ఉంటే పట్టుకోవద్దు, దూరం నుంచి ఫోటో చాలు. 3ని 8 అనుకోవద్దు, మొదటి ఏడాది నేనదే చేశా, ఆ తప్పు సరిచేయడానికి ఒక ఆదివారమంతా రింగుల దండ ముందేసుకుని వరసగా నంబర్లు చదువుతూ కూర్చున్నా.