ఆ రంగు ఏ రోజుది?

రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాన్ని ఏళ్ల తరబడి బాగుచేసి బయటికి తెస్తే, చూడ్డానికి వచ్చినవాళ్లలో లోపల ఏ బోల్టు కొత్తదని అడిగేవాళ్లు తక్కువ. రెక్క మీది గుర్తు దగ్గర మాత్రం పంచాయితీ మొదలవుతుంది. ఆ పసుపు వలయం అప్పటికి వచ్చిందా? నక్షత్రం మధ్యలో ఎర్ర చుక్క ఎందుకు ఉంది? తోక మీద చారలు ఏవి? వేల రివెట్లు కొట్టి అలసిపోయినవాళ్లకి ఇది చిరాకే. అయినా అడిగేవాళ్లను తప్పుపట్టలేం. ఈ గుర్తుల చరిత్రే అలాంటిది. ఒక్కో దేశం తన గుర్తును ఎన్నిసార్లు మార్చుకుందంటే, విమానానికి ఒక మార్కింగ్ వేయడమంటే కేలండర్‌లో ఒక తేదీ మీద వేలు పెట్టడమే.

మొదట్లో అసలు గుర్తులే లేవు. ఫ్రాన్స్ 1912లో తన సైనిక విమానాలకు నీలం, తెలుపు, ఎరుపు వలయాలను అధికారికంగా పెట్టింది. మిగతా దేశాలు అంత ముందుచూపు చూపలేదు. 1914లో యుద్ధం మొదలయ్యాక కందకంలో ఉన్న సైనికుడికి నెత్తి మీద ఎగిరేదల్లా శత్రువే. బ్రిటిష్ విమానాలను బ్రిటిష్ సైనికులే కాల్చసాగారు. దాంతో రెక్కల కింద యూనియన్ జెండా వేశారు. కొంచెం ఎత్తుకు వెళ్లేసరికి ఆ జెండాలో మధ్యనున్న ఎర్ర శిలువ ఒక్కటే కనిపించేది, అది జర్మన్ల శిలువలా అనిపించేది! జబ్బు కంటే మందు ప్రమాదమైంది. ఆ ఏడాది చివరికి బ్రిటన్ ఫ్రాన్స్ వలయాలనే తీసుకుని రంగుల వరుస తిరగేసింది: మధ్యలో ఎరుపు, బయట నీలం. ఇవాళ మనం ఎంతో హుందాగా ఉందనుకునే రౌండెల్, అంటే ఈ వలయాల గుర్తు, అలా కంగారులో పుట్టింది.

తర్వాత వచ్చిన మార్పుల్లోనూ చాలావాటి వెనక ఇదే కథ: మనవాళ్లు మనవాళ్లనే కాల్చకుండా చూడటం. అమెరికా గుర్తు దీనికి మంచి ఉదాహరణ. నీలి వృత్తంలో తెల్ల నక్షత్రం, దాని మధ్య ఎర్ర చుక్క. జపాన్‌తో యుద్ధం వచ్చాక ఆ ఎర్ర చుక్కే కొంప ముంచేలా ఉంది, ఎందుకంటే జపాన్ గుర్తు మొత్తం ఒక ఎర్ర బింబం. 1942 మే నెలలో ఆ చుక్కనీ, తోక వెనక పక్కలకు కదిలే రడ్డర్ మీది ఎరుపు తెలుపు చారలనీ తీసేయమన్నారు. ఏప్రిల్ 18న టోక్యో మీద దాడికి డూలిటిల్ నాయకత్వంలో వెళ్లిన అమెరికన్ బి-25 బాంబర్లకు ఎర్ర చుక్క ఉంది. జూన్ మొదటి వారంలో పసిఫిక్‌లోని మిడ్‌వే దీవుల దగ్గర జపాన్‌తో పోరాడిన విమానాలకు లేదు. మధ్యలో గడిచింది ఏడు వారాలు. 1943 జూన్ ఆఖరులో నక్షత్రానికి రెండు పక్కలా తెల్ల పట్టీలు చేర్చి, చుట్టూ ఎర్ర అంచు పెట్టారు. దూరం నుంచి రంగు కంటే ఆకారమే ముందు తెలుస్తుందన్నది పట్టీల వెనక ఆలోచన. మరి ఎరుపునే ఎందుకు మళ్లీ తెచ్చారో! మూడు నెలలు తిరక్కుండానే ఆ అంచును నీలానికి మార్చారు. అంటే ఎర్ర అంచు వేసిన విమానం ఒక్క వేసవికి పరిమితం. 1947లో పట్టీల మధ్య ఎర్ర గీత వచ్చింది. ఆ గీతతో యుద్ధకాలపు బాంబర్‌ను నిలబెడితే తెలిసినవాళ్ల కంట్లో నలుసు పడ్డట్టే.

కొలతలు కూడా ఇష్టం వచ్చినట్టు ఉండవు. అమెరికన్ గుర్తులో ఒక్కో పట్టీ పొడవు నీలి వృత్తం వ్యాసార్ధమంత, వెడల్పు అందులో సగం, అంచు ఎనిమిదో వంతు. పట్టీ పై అంచు నక్షత్రం అడ్డ చేతుల పై అంచుతో ఒకే గీతలో ఉండాలి. చాలామంది పట్టీని వృత్తం నడిమధ్యకు జరుపుతారు, అక్కడే దొరికిపోతారు. 1940 వేసవిలో బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ ఒంటి పక్క భాగం మీద ఉండే పసుపు వలయపు రౌండెల్ వ్యాసం 35 అంగుళాలు. లోపల నీలం 25, తెలుపు 15, ఎరుపు 5. లెక్క తెలిస్తే పెద్ద వృత్తాలు గీసే ట్రామెల్‌తో గీయడం పిల్లాట. 1942 మేలో బ్రిటన్ ఆ తెలుపునీ పసుపునీ సన్నం చేసి కొత్త నమూనా తెచ్చింది. జపాన్‌తో పోరాడే ఆగ్నేయాసియా దళాలు ఎరుపును పూర్తిగా వదిలేశాయి. తెలుపు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని అందులోనూ నీలం కలిపి లేత నీలం చేశారు.

నన్నడిగితే అందరికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేవి 1944 జూన్‌లో మిత్రదేశాలు ఫ్రాన్స్ తీరం మీద చేసిన నార్మండీ దాడి నాటి నలుపు తెలుపు చారలు. వాటి వెనక ఇటలీ ద్వీపం సిసిలీలో జరిగిన సంగతి ఉంది. 1943 జూలై 11 రాత్రి పారాట్రూపర్లతో వెళ్లిన 144 అమెరికన్ రవాణా విమానాల్లో 23 కూలిపోయాయి. కూల్చింది మిత్రదేశాల ఓడలూ, నేల మీది తుపాకులే. అలాంటిది మళ్లీ జరగకూడదని మూడు తెల్ల చారలు, రెండు నల్ల చారలు వేయాలని తీర్మానించారు. ఒంటి ఇంజను విమానానికి ఒక్కో చార 18 అంగుళాలు, జంట ఇంజన్లకు 24. రహస్యం బయటపడకూడదని దాడికి ఒకటి రెండు రోజుల ముందే రంగు డబ్బాలు చేతికిచ్చారు. వేలాది విమానాలు, చేతిలో బ్రష్షు, ముంచుకొస్తున్న గడువు. ఆనాటి ఫొటోలు చూడండి: చార అంచులు అలల్లా ఉంటాయి, కింది రంగు లోంచి కనిపిస్తుంది, కొన్నిచోట్ల నంబరు చుట్టూ తిప్పి వేశారు. ఇప్పుడు బాగుచేసినవాటికి మాస్కింగ్ టేప్ వేసి, స్ప్రే కొట్టి, గీత గీసినట్టు వేస్తారు. కొలత సరే, రంగు సరే, ఆ రాత్రి టెన్షన్ మాత్రం అందులో లేదు. వంకర గీతను కావాలని గీయాలంటే పెయింటర్‌కి చెయ్యి రాదు, అదొక ఇబ్బంది. ఇంకో మాట: బ్రిటిష్ టైఫూన్ విమానాన్ని జర్మన్ ఫోకెవుల్ఫ్ 190 అనుకుని కాల్చేవాళ్లు కాబట్టి దాని రెక్కల కింద నలుపు తెలుపు పట్టీలు 1942 చివర నుంచే ఉన్నాయి. చారలు కనిపించగానే నార్మండీ అనేయకూడదు.

ఇదంతా మనకు తెలిసింది ప్రధానంగా ఫొటోల వల్ల. ఆ ఫొటోలు అబద్ధమాడతాయి. అప్పట్లో వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు, కాబట్టి అది నల్లగా పడుతుంది. పసుపు ముదురుగా, నీలం తేలిపోయినట్టు వస్తాయి. రౌండెల్ చుట్టూ ఉన్న పసుపు వలయం దాదాపు నల్లగా మారి వెనక ఉన్న ఆకుపచ్చలో కలిసిపోతుంది. చూసినవాడు వలయమే లేదనుకుంటాడు. అన్ని రంగులనూ పట్టే పాంక్రొమాటిక్ ఫిల్ము మీద అదే విమానం మరోలా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు ఫొటోల్లో ఏది ఎరుపో ఏది నీలమో అని దశాబ్దాలుగా సాగిన వాదనలకు సగం కారణం ఈ ఫిల్మే.

మిగతా సగం రంగులదే. అప్పటి బ్రిటిష్ విమానాల గుడ్డ మీద పూసిన పీసీ-10 అనే డోప్‌లో (గుడ్డను బిగించే పూత) ఉన్నది ఐరన్ ఆక్సైడ్, మసి. అది ఆకుపచ్చా, గోధుమా అని అడిగితే ఇప్పటికీ ఇద్దరు రెండు జవాబులు చెబుతారు. కలపడంలో తేడాలున్నాయి, పైన పూసిన వార్నిష్ ముదిరేకొద్దీ రంగు మారింది. మ్యూజియంలో మిగిలిన గుడ్డముక్క ఇవాళ ఎలా ఉందన్నది సాక్ష్యమే, కానీ వందేళ్ల వయసున్న సాక్ష్యం. 1918 ఏప్రిల్‌లో ‘రెడ్ బారన్’గా పేరుపడ్డ జర్మన్ పైలట్ రిక్టోఫెన్ కూలిన చోట సైనికులు జ్ఞాపకంగా చింపుకుపోయిన గుడ్డముక్కల్లో కొన్ని అలాగే మ్యూజియాలకు చేరాయి. ఆ దోపిడీ ఇవాళ పరిశోధకులకు పనికొస్తోంది.

1940లో మరో చిక్కు. జూన్‌లో బ్రిటిష్ ఫైటర్ల అడుగు భాగానికి ‘స్కై’ అనే లేత ఆకుపచ్చ ఛాయ వేయమన్నారు. దాని పూర్తి పేరు ‘స్కై టైప్ ఎస్’. ఆ ఎస్ ఇంకో రంగని చాలాకాలం పొరబడ్డారు. అది ‘స్మూత్’, అంటే నునుపు రకం పెయింట్ అని మాత్రమే. పైగా ఆ రంగు సరిపడా దొరక్క, స్క్వాడ్రన్లు చేతికందిన నీలాలూ ఆకుపచ్చలూ కలిపి పూశాయి. కాబట్టి ఆ వేసవి స్పిట్‌ఫైర్ అడుగు రంగు తప్పని గట్టిగా అనేవాళ్లను నేను అంత తేలిగ్గా నమ్మను. అమెరికన్ రంగులకు అందరూ చెప్పే ఎఫ్‌ఎస్ (ఫెడరల్ స్టాండర్డ్) నంబర్లు కూడా 1956లో వచ్చిన ప్రమాణానివి. యుద్ధంలో ఎవరూ ఆ నంబరు చూసి డబ్బా తెరవలేదు. అవి దగ్గరి పోలికలు, అంతే.

కాగితాలకంటే, ఫొటోలకంటే నమ్మదగింది విమానం ఒంటి మీదే ఉంటుంది, గీకి పారేయకుండా ఉంటే. అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్లు తమ ఫోకెవుల్ఫ్ 190ని 1980ల మొదట్లో బాగుచేసేటప్పుడు పొరలు జాగ్రత్తగా తీస్తే, అది మొదట వేరే రకంగా తయారై తర్వాత మార్పు చేసిన విమానమని తేలింది. ‘మెంఫిస్ బెల్’ అనే అమెరికన్ బి-17 బాంబర్ ఇంకో రకం. ముక్కు మీది అమ్మాయి బొమ్మ ఎడమ పక్క నీలం దుస్తుల్లో, కుడి పక్క ఎరుపులో ఉంటుంది. టోనీ స్టార్సర్ అనే సైనికుడు వేసిన ఆ బొమ్మను, దశాబ్దాలపాటు ఆరుబయట ఉన్న ఆ విమానం మీద ఎన్నోసార్లు దిద్దారు. చివరికి డేటన్‌లోని అమెరికా వాయుసేన మ్యూజియంలో పాత రంగు తీస్తే అల్యూమినియం మీద గీసిన పేర్లు బయటపడ్డాయి. 1943లో యుద్ధ బాండ్ల కోసం దేశం తిప్పినప్పుడు జనం గీసినవి అవి. 2018 మే 17న, దాని సిబ్బంది ఇరవై అయిదో దాడి పూర్తయి సరిగ్గా 75 ఏళ్లకు, దాన్ని మళ్లీ జనం ముందు పెట్టారు. శాండింగ్ మెషీన్ పట్టుకున్నవాడు తొందరపడి ఉంటే ఆ పేర్లు దుమ్మయిపోయేవి.

మరి విమానం తన గుర్తులే వేసుకోవాలా? ఎగిరేవాటిలో చాలావాటికి సొంత యుద్ధ చరిత్ర ఉండదు. బ్రిటన్‌లో ఎగిరే లాంకాస్టర్ బాంబర్ పీఏ474 1945లో తయారైంది, యుద్ధంలో బాంబు వేయలేదు. దాని మీద ఎప్పుడూ వేరే లాంకాస్టర్ల అక్షరాలే. 2017లో ఒక పక్క ఒక స్క్వాడ్రన్‌వి, రెండో పక్క ఇంకో స్క్వాడ్రన్‌వి వేశారు. శుద్ధవాదులు ముఖం చిట్లిస్తారు. తిరిగి రాని విమానాల పేరు తలుచుకోవడానికి అదొక దారే అని నేననుకుంటాను, అరువు గుర్తులని బోర్డు మీద రాస్తే చాలు.

చట్టం సంగతి వేరు. జర్మనీలో శిక్షాస్మృతి 86ఏ సెక్షన్ నాజీ స్వస్తికను బహిరంగంగా చూపడాన్ని నిషేధిస్తుంది. బోధన, పరిశోధన లాంటివాటికి మినహాయింపులున్నా, ప్రదర్శనలకు వచ్చే విమానాల తోక మీద దాన్ని వదిలేయడమే ఎక్కువ. ఫిన్లాండ్ వాయుసేన 1918 నుంచి 1945 వరకు వాడిన నీలి స్వస్తిక నాజీలకంటే ముందుది. ఒక స్వీడన్ దాత ఇచ్చిన విమానంతో వచ్చిందది. ప్రతిసారీ ఈ కథ చెప్పుకోవాల్సి వస్తుంది, పాపం. రిజిస్ట్రేషన్ నంబరూ తలనొప్పే. అమెరికాలో 30 ఏళ్లు దాటిన విమానానికి రెండంగుళాల అక్షరాలు చాలు కాబట్టి తోక కింద దాచేస్తారు.

ఎంత చేసినా కొత్త పాలియురెథేన్ పెయింట్ పాత మ్యాట్ రంగులా ఎండకు పొడిబారదు. నూనె మరకలు తుడవడానికి వీలుగా ఉంటుందని చాలామంది కొంచెం మెరుపున్నదే ఎంచుకుంటారు. ఎగిరే విమానానికి అది సబబే.

ఏ వాదనా అవసరం లేని విమానం ఒకటి లండన్ దగ్గర హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. జర్మన్ యుద్ధనౌక టిర్‌పిట్జ్ మీద దాడికి వెళ్లి, దెబ్బ తిని, నార్వేలో గడ్డకట్టిన హోక్లింగెన్ సరస్సు మీద దిగి మునిగిపోయిన బ్రిటిష్ హాలిఫాక్స్ బాంబర్ అది. 1973లో పైకి తీశారు. కొత్తదానిలా తయారుచేయకుండా, నలిగిన రేకులతోనే నిలబెట్టారు. బ్రిటన్ రౌండెల్ మార్చడానికి కొద్ది రోజుల ముందు మునిగింది కాబట్టి, దాని మార్కింగ్స్ తేదీ అందరికీ తెలుసు: 1942 ఏప్రిల్ 27.