రంది లెక్కకెక్కడానికి అరవై ఏళ్లు

మనసు బాధకు మన వైపు రెండు మాటలున్నాయి. లోలోపల తొలిచే దిగులును రంది అంటాము, కారణం తెలియకుండా గుండెను పట్టుకునే భయాన్ని బుగులు అంటాము. నిరుడు వానకాలంలో పరకాల దగ్గరి ఒక ఊరిలో, రెండో కాన్పు తర్వాత, మూడు నెలల పాటు గర్భం రాకుండా ఆపే హార్మోన్ సూది వేయించుకున్న ఇరవై ఆరేళ్ల తల్లి, "అక్కా, సూది ఏసుకున్నప్పటి సంది ఊకె రంది పెడ్తున్నది, ఎందుకేడుస్తున్ననో నాకే తెలుస్తలేదు" అని ఆశ కార్యకర్తతో చెబుతుండగా నేను పక్కనే ఉన్నాను. ఆశ కార్యకర్త ఓపికగానే విన్నది. నోటుబుక్కులో తేదీ రాసుకుంది, బరువు రాసుకుంది, రెండు నెలలుగా నెలసరి రాలేదని రాసుకుంది. రంది సంగతి రాయలేదు. "సూదితోని గట్లేం కాదు చెల్లె, ఇంట్ల లొల్లితోనే" అన్నది. ఆ జవాబులో ఆమె తప్పేమీ లేదు. అది తరాలుగా చేతులు మారుతూ ఆమె దాకా వచ్చిన జవాబు.

గర్భనిరోధక మాత్రను పెద్ద ఎత్తున మొదట పరీక్షించింది 1956లో, ప్యూర్టో రికోలోని రియో పియెద్రాస్ అనే పేదల కాలనీలో. అక్కడి స్త్రీలకు అది గర్భం రాకుండా ఆపే మందు అని చెప్పారు గాని ఇంకా పరీక్షలో ఉన్న మందు అని చెప్పలేదు. పరీక్షను దగ్గరుండి చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, మాత్ర గర్భాన్ని ఆపడంలో తిరుగులేనిదే అయినా, 17 శాతం మందికి తలతిరగడం, వికారం, తలనొప్పి వంటి బాధలు వస్తున్నందున అందరికీ ఇవ్వదగినది కాదని నివేదిక ఇచ్చారు. మాత్ర రూపకర్తలైన గ్రెగరీ పింకస్, జాన్ రాక్ ఆ ఫిర్యాదుల్లో చాలావాటిని మనసు భ్రమగా తీసిపారేశారు. వాంతులనే భ్రమ అన్నవాళ్లు దిగులు గురించి అడుగుతారని ఎవరు ఆశిస్తారు?

1960లో అమెరికా ప్రభుత్వం గర్భనిరోధకంగా అనుమతించిన ఎనోవిడ్ మాత్రలో ప్రొజెస్టిన్ అనే కృత్రిమ హార్మోన్ 10 మిల్లీగ్రాములు ఉండేది. మన ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉన్నది 0.15 మిల్లీగ్రాములు. రెండూ వేర్వేరు పదార్థాలు కాబట్టి అంకెకు అంకె పోల్చలేము గాని, తొలి తరం స్త్రీలు మింగిన మోతాదు ఎంత ఎక్కువో దీన్నిబట్టి తెలుస్తుంది. 1970 జనవరిలో అమెరికా సెనేటర్ గేలార్డ్ నెల్సన్ మాత్ర భద్రతపై విచారణ జరిపినప్పుడు, మాత్ర వాడిన స్త్రీలను సాక్షులుగా పిలవనందుకు ప్రేక్షకుల్లోంచి యువతులు లేచి నిలదీశారు. మాత్రల డబ్బాలో హెచ్చరిక కాగితం పెట్టే నియమం ఆ గొడవ ఫలితమే. అయితే అప్పుడు అందరి దృష్టీ రక్తం గడ్డకట్టే ప్రమాదం మీదనే నిలిచింది, మనసు మాట వెనకబడిపోయింది.

మన దగ్గరి కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1985లో, అప్పటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని స్త్రీలకు వేస్తున్నారని, అది ప్రయోగమన్న సంగతి వాళ్లకు తెలియదని హైదరాబాద్‌కు చెందిన స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం కార్యకర్తలు బయటపెట్టారు. మరుసటి ఏడాది వారు, ఢిల్లీలోని సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు 2000 వరకు నడిచింది. తెలుగు నేల మీద మొదలైన ఆ పోరాటంలో అడిగింది ఒక్కటే: ఒంట్లోకి వెళ్లేది ఏమిటో ఒళ్లు గలవారికి చెప్పండి. ఈలోగా డెపో-ప్రొవెరా అనే మరో సూదికి 1993లో ప్రైవేటు వాడకానికి అనుమతి వచ్చింది. 2017లో అదే అంతర పేరుతో ప్రభుత్వ దవాఖానాల్లోకి వచ్చింది. మాత్ర నచ్చకపోతే రేపే ఆపేయవచ్చు. సూదిని మాత్రం ఒకసారి వేశాక వెనక్కి తీయలేము, దాని మందు మూడు నెలలకు పైగా ఒంట్లోనే ఉంటుంది. ఇదివరకు మానసిక కుంగుబాటు ఉన్నవారిని జాగ్రత్తగా గమనించాలని ఆ మందు కాగితంలోనే రాసి ఉంటుంది.

చివరకు 2016లో డెన్మార్క్ నుంచి పెద్ద లెక్క వచ్చింది. 15 నుంచి 34 ఏళ్ల మధ్య వయసున్న పది లక్షల మందికి పైగా స్త్రీల రికార్డులను 2000 నుంచి 2013 వరకు పరిశీలించిన లిడెగార్డ్ అనే పరిశోధకుడి బృందం, రెండు హార్మోన్లు కలిసిన మామూలు మిశ్రమ మాత్ర వాడేవారు కుంగుబాటు మందులు మొదలుపెట్టే రేటు వాడనివారి కంటే 23 శాతం ఎక్కువని, 15 నుంచి 19 ఏళ్ల వారిలో 80 శాతం ఎక్కువని తేల్చింది. ఈ శాతాలు చూసి భయపడే ముందు అసలు సంఖ్య చూడాలి: ఏడాదికి వందమందిలో వాడనివారిలో ఇద్దరికి లోపు, వాడేవారిలో ఇద్దరికి కాస్త పైన. అంటే ఎక్కువ మందికి ఏమీ కాదు, కొందరికి మాత్రం నిజంగానే అవుతుంది. ఈ లెక్క సంబంధాన్ని చూపుతుంది గాని కారణాన్ని రుజువు చేయదు. స్వీడన్‌లో 340 మందికి మూడు నెలలు మాత్రనో మందు లేని ఉత్త మాత్రనో ఇచ్చి చూసినప్పుడు, మాత్ర వాడినవారిలో ఉత్సాహం, కుదురు తగ్గాయి గాని కుంగుబాటు లక్షణాలు చెప్పుకోదగినంతగా పెరగలేదు. అదే 2016లో పురుషుల గర్భనిరోధక సూదిపై 320 మందితో చేసిన పరీక్ష ఫలితాలు కూడా వచ్చాయి. మానసిక మార్పులతో సహా దుష్ఫలితాలు కనిపించడంతో ఆ పరీక్షను 2011లోనే ఆపేశారు. మగవారి విషయంలో ఆ జాగ్రత్త సరైనదే, కాని అది ఆడవారికి దక్కలేదు.

తెలంగాణలో గర్భనిరోధం అంటే ఆపరేషనే. పెళ్లయిన స్త్రీలలో సగానికి పైగా ఆ దారే పట్టారు. అందుకే హార్మోన్ల సంగతి మనది కాదని అనుకుంటాము. కాని అవి వేరే గుమ్మాల్లోంచి ఇంట్లోకి వస్తున్నాయి. పీసీఓడీ (నెలసరి తప్పించే అండాశయ సమస్య) అని హన్మకొండ హాస్టళ్లలోని పద్దెనిమిదేళ్ల అమ్మాయిలకు నెలల తరబడి రాసేవి చాలాసార్లు గర్భనిరోధక మాత్రలే, అదీ డెన్మార్క్ లెక్కలో అందరికంటే ఎక్కువ ప్రభావం కనిపించిన వయసులో. పీసీఓడీకే కుంగుబాటుతో సంబంధం ఉన్నందున ఏది దేనివల్లో విడదీయడం కష్టం, కనుక మొదలుపెట్టే ముందే మనసు ఎలా ఉందో అడిగి రాసుకోవాలి. మేడారం జాతర దగ్గరపడితే మందుల షాపుల్లో చీటీ లేకుండానే కొనే నెలసరి వాయిదా మాత్ర నోరెథిస్టెరాన్. పటాన్‌చెరు సూదిలో ఉన్నదీ దాని రూపమే. కొద్దిరోజుల వాడకానికి డెన్మార్క్ అంకెలను అతికించకూడదు గాని, తాము మింగేది హార్మోన్ అని కొనేవారికి తెలియాలి.

దిగులు కనిపిస్తే మరో పద్ధతి చూసుకోకుండా మాత్రను నడిమధ్యలో వదిలేయడం మంచిది కాదు, అనుకోని గర్భం మరింత రందిని తెస్తుంది. హార్మోన్ లేని కాపర్-టి ఉంది, లక్నోలో తయారైన స్టెరాయిడ్ కాని ఛాయ మాత్ర ఉంది. మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే టెలి-మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే మాట్లాడేవారుంటారు.

పరకాల దగ్గరి ఆ తల్లి తర్వాతి సూదికి పోలేదు, కాపర్-టి వేయించుకుంది. సంక్రాంతికి కలిసినప్పుడు రంది ఎట్లున్నదని అడిగాను. "జర నయమే అక్కా. సూది బంద్ జేసినందుకా, పిల్లగాడు రాత్రిపూట పంటున్నందుకా, పత్తి మంచిగెళ్లినందుకా, అదైతే తెల్వదు" అన్నది. ఆశ కార్యకర్త ఈసారి ఆ మాట రాసుకుంది.