‘ప్రారంభించబడింది’ ఎక్కడి నుంచి వచ్చింది?

చెన్నైలో మాస్ కమ్యూనికేషన్ చదివే తెలుగు పిల్లలకు పాఠాలు ఇంగ్లిషులో నడుస్తాయి. ఇంటర్న్‌షిప్ మాత్రం తెలుగు చానల్లోనో, వెబ్‌సైట్లోనో, ఏదైనా తెలుగు సంఘానికి ప్రెస్ నోట్లు రాసిపెట్టే పనిలోనో దొరుకుతుంది. వార్త, ప్రెస్ నోట్, ఫీచర్, నేపథ్య కథనం, సంపాదకీయం, రేడియో స్క్రిప్టు అంటూ పరీక్షలో పేర్లన్నీ గడగడా రాసేస్తారు. డెస్కు మీద కూర్చోబెడితే అన్నీ ఒకే మూసలోంచి ఊడిపడతాయి. ఆ మూస ఇలా ఉంటుంది:

“చెన్నై టి.నగర్‌లోని ఒక కల్యాణ మండపంలో తెలుగు సంఘం ఆధ్వర్యంలో ఆదివారం ఉదయం 10 గంటలకు ముఖ్య అతిథిగా విచ్చేసిన ప్రముఖ వైద్యుల చేతుల మీదుగా 120 మంది దాతలు పాల్గొన్న రక్తదాన శిబిరం ఘనంగా ప్రారంభించబడింది.”

మొత్తం 27 మాటలు. ఏం జరిగిందో తెలియాలంటే ఆఖరి మాట దాకా ఊపిరి బిగబట్టాలి. పైగా ఇంకా మొదలే కాని శిబిరంలో 120 మంది అప్పటికే పాల్గొన్నారు! ఈ వాక్యం రాసిన విద్యార్థిని తిట్టి లాభం లేదు. దీని వెనక వందేళ్ల చరిత్ర ఉంది. అందులో పెద్ద భాగం ఈ ఊళ్లోనే, జార్జిటౌన్‌కీ మైలాపూర్‌కీ మధ్య నడిచింది.

తెలుగులో పత్రికా రచన వార్తతో మొదలైందని చెప్పడం కష్టం. మద్రాసులో 1838లో ‘వృత్తాంతిని’, 1842లో ‘వర్తమాన తరంగిణి’ వచ్చాయి. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ మొదలుపెట్టారు. లంచాల మీద, బాల్యవివాహాల మీద, వితంతువుల దుస్థితి మీద రాసి మనుషుల్ని మార్చడం ఆయన ఉద్దేశం. నిన్న ఎక్కడ ఏం జరిగిందో చెప్పడం ఆ తర్వాతి పని. 1902లో బందరులో పుట్టిన ‘కృష్ణాపత్రిక’ను జనం ముట్నూరి కృష్ణారావు సంపాదకీయాల కోసం చదివారు. అంటే మనకు వ్యాసం పెద్దకొడుకు, వార్త చాలా ఆలస్యంగా పుట్టిన కడగొట్టుది. ఈనాటి ఇంటర్న్ రాసే వార్తలో ‘ప్రశంసనీయం’, ‘అభినందనీయం’ లాంటి తీర్పులు దూరిపోవడానికి ఈ వరస కూడా ఒక కారణమే.

వార్త రూపం తంతి మీద వచ్చింది. ముఖ్యమైనది ముందు, చిల్లరమల్లర చివర అనే తలకిందుల పిరమిడ్ పద్ధతికి అమెరికా అంతర్యుద్ధకాలపు టెలిగ్రాఫ్‌ను మూలంగా చెబుతారు. 1865 ఏప్రిల్‌లో లింకన్ మీద కాల్పులు జరిగిన రాత్రి అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి పంపిన మొదటి తంతి ఒకే ఒక్క వాక్యం. అధ్యక్షుణ్ని నాటకశాలలో కాల్చారు, బతకడం కష్టం కావచ్చు అన్నది దాని సారం. అయితే పత్రికలన్నీ ఆ పద్ధతికి రావడానికి 19వ శతాబ్దం చివరిదాకా పట్టిందన్నది పరిశోధకుల మాట. తంతికి మాటల లెక్కన డబ్బు కట్టాలి, లైను ఎప్పుడు తెగుతుందో తెలియదు. అందుకే అసలు సంగతి ముందుకొచ్చింది. మన దేశంలో ప్రజలకు టెలిగ్రాఫ్ 1855లో అందుబాటులోకి వచ్చింది. 1866లో రాయిటర్స్ బొంబాయిలో కార్యాలయం పెట్టింది.

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ‘ఆంధ్రపత్రిక’ను మద్రాసుకు తెచ్చి, 1914 ఏప్రిల్ 1న దినపత్రికగా మార్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. పాఠకుడికి రోజూ యుద్ధవార్త కావాలి. అది ఇంగ్లిషు తంతి రూపంలో వస్తుంది. తెల్లారేలోపు దాన్ని తెలుగు చేసి, అక్షరం అక్షరం చేత్తో కూర్చి అచ్చేయాలి. తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్ అంటే మొదటి నుంచీ సగం అనువాదకుడే. చేసినవాణ్ని పక్కకు నెట్టి జరిగినదాన్ని ముందు పెట్టే ఇంగ్లిషు కర్మణి వాక్యం ఎదురుగా ఉంటే, గంటలు మోగుతుంటే, ‘బడు’ తగిలించడం కన్నా దగ్గరి దారి లేదు. వ్యాకరణంలో ‘బడు’ ఎప్పటి నుంచో ఉంది. కానీ ‘అన్నం వండబడింది’ అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. నోట్లో లేని ప్రయోగం కాగితం మీద కాపురం పెట్టింది ఇలాంటి బల్లల దగ్గరే.

భాష విషయంలో రెండో చిక్కు గ్రాంథికం. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడుతున్న కాలంలో కూడా పత్రికలు చాలావరకు గ్రాంథికాన్ని వదల్లేదు. తాపీ ధర్మారావు ‘జనవాణి’ని వ్యావహారికంలో నడిపి చూపించారు. 1938 ఆగస్టు 15న మద్రాసులోనే రామ్‌నాథ్ గోయెంకా ‘ఆంధ్రప్రభ’ను మొదలుపెట్టారు. తర్వాత దానికి సంపాదకుడైన నార్ల వెంకటేశ్వరరావు పొట్టి వాక్యాన్ని, పదునైన వాడుకమాటను పత్రికకు అలవాటు చేశారు. ఆయన సంపాదకత్వంలోనే 1960 జూలై 1న విజయవాడలో ‘ఆంధ్రజ్యోతి’ మొదలైంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడేళ్లు. తెలుగు పత్రికల కేంద్రం మద్రాసు నుంచి కృష్ణ ఒడ్డుకు జరిగిపోతోంది. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ‘ఈనాడు’ వచ్చాక జిల్లా వార్తకు, వాడుక నుడికి గిరాకీ ఇంకా పెరిగింది. చెన్నై తరగతి గదిలో ఉన్న తెలుగు విద్యార్థికి ఈ తర్వాతి ముచ్చట అందలేదు. ఇంగ్లిషు పాఠం ఒకవైపు, పాత మద్రాసు అనువాద ధోరణి ఒకవైపు, మధ్యలో తమిళ పత్రికల హెడ్డింగులు. ఈ మూడింటి మధ్య నలిగిన వాక్యమే మొదట చూసిన 27 మాటలది.

ఇంగ్లిషు ఇంట్రోలో, అంటే వార్త మొదటి వాక్యంలో, క్రియ రెండో మూడో మాటకే వచ్చేస్తుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి సమక్షంలో అనేవి దాని వెనక ఎన్నయినా వేలాడదీయొచ్చు. తెలుగులో క్రియ చివర. వేలాడదీయాల్సినవన్నీ దాని ముందుకొచ్చి దారికి అడ్డంగా నిలబడతాయి. కాబట్టి ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ఆరింటినీ మొదటి వాక్యంలోనే కుక్కమనే పాఠ్యపుస్తక సూత్రం తెలుగుకు పనికిరాదు. మొదటి వాక్యంలో రెండు మూడు చాలు. 12 మాటలు దాటితే రెండు ముక్కలు చేయాలి.

“ఆదివారం టి.నగర్‌లో 120 మంది రక్తదానం చేశారు.” ఆరు మాటల్లో వార్త అయిపోయింది. రెండో వాక్యంలో ఏర్పాటు చేసిన సంఘం, మూడో దాంట్లో రక్తం ఏ బ్లడ్ బ్యాంకుకు వెళ్లింది, తర్వాత ప్రారంభించిన వారి పేరు. ‘ఘనంగా’ ఎక్కడా అక్కర్లేదు. ఇక్కడ ఇంకో తప్పు పొంచి ఉంటుంది. నిర్వాహకులు చెప్పే 120 సాధారణంగా పేరు నమోదు చేసుకున్న వాళ్ల లెక్క. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గితే వెనక్కి పంపేస్తారు, మందులు వాడుతున్న కొందరినీ పంపేస్తారు. ఎన్ని యూనిట్లు సేకరించారో బ్లడ్ బ్యాంకు సిబ్బందిని అడిగితే అసలు సంఖ్య తేలుతుంది.

వార్తలో అసలు సంగతి పైన పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. సీసపు అక్షరాల కాలంలో ఐటం పేజీలో పట్టకపోతే కింది పేరాలు లేపేసేవాళ్లు. అర్ధరాత్రి తిరగరాసే తీరిక ఎవరికీ లేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ తెర ఆ పని చేస్తోంది. చదివేవాడు మూడో పేరా దగ్గర వేలు జరిపేస్తాడు.

ప్రెస్ నోట్‌ది వేరే వంశం. 1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడింది. రైల్వే కంపెనీ సంగతి దాచిపెట్టకుండా, తనే వివరాలు రాసి విలేఖరులకు ఇచ్చేలా చేసినవాడు ఐవీ లీ. ప్రెస్ నోట్ల చరిత్రను సాధారణంగా అక్కడి నుంచి లెక్కపెడతారు. అంటే ఇది పత్రిక రాసేది కాదు, పత్రికకు రాసి పంపేది. డెస్కు దాన్ని కోస్తుంది, సరిచూస్తుంది, అవసరమైతే బుట్టలో వేస్తుంది. కోతకు తట్టుకునేలా రాయాలంటే 250 నుంచి 300 మాటలు చాలు. పైన తేదీ, ఊరు, వెంటనే వేయొచ్చా ఫలానా సమయం తర్వాతా అన్న సూచన ఉండాలి. కింద ఫోన్ ఎత్తే మనిషి పేరు, నంబరు. ‘నిన్న’, ‘రేపు’ రాయకూడదు. నోట్ ఎప్పుడు తెరుస్తారో మీకు తెలియదు కాబట్టి తేదీ, వారం రెండూ ఇవ్వాలి. తెలుగు సంఘాల నోట్లలో జబ్బు వేదిక మీది పేర్లు. 14 పేర్లూ హోదా వరసలో, ప్రతి పేరు వెనకా ‘గారు’. పత్రిక ‘గారు’ తీసేస్తుంది, పేర్లలో మూడు ఉంచుతుంది. మర్నాడు ఆ మిగతా 11 మంది అలక తీర్చడం కార్యదర్శి పని. పేర్లన్నీ విడిగా చివర జాబితాగా ఇస్తే అసలు విషయం బతుకుతుంది.

ఇంకో రెండు చిన్న పొరపాట్లు నోట్‌ను నేరుగా చంపేస్తాయి. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్‌లో టైపు చేసిన పాఠాన్ని అలాగే మెయిల్లో అతికిస్తే యూనికోడ్ వాడే డెస్కులో గజిబిజి గుర్తులు తేలతాయి. మార్చి పంపాలి, లేదా పీడీఎఫ్ కూడా జత చేయాలి. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. ఫొటో వ్యాఖ్యలో ఎడమ నుంచి కుడికి వరస చెప్పకపోతే అధ్యక్షుడి ముఖం కింద కోశాధికారి పేరు పడుతుంది.

రేడియో గురించి క్లుప్తంగా. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. వినేవాడు వెనక్కి తిప్పి వినలేడు. కాబట్టి ‘పైన చెప్పిన’, ‘సదరు’ లాంటివి చెల్లవు. హోదా ముందు, పేరు తర్వాత. 1,19,846 రూపాయలను ‘దాదాపు లక్షా ఇరవై వేలు’ అనాలి. స్క్రిప్టు పూర్తయ్యాక గడియారం పెట్టుకుని పైకి చదవాలి. నాలుక తడబడిన ప్రతిచోటా సాధారణంగా ఒక సమాసమో, ‘బడు’నో దొరుకుతుంది.

ఇక నేపథ్య కథనం. విద్యార్థులు ఎక్కువగా బోల్తాపడేది ఇందులోనే. దీన్ని చరిత్ర వ్యాసం అనుకుంటారు. కాదు. ఈరోజు ఒక ముడి కనిపించింది, అది ఎక్కడెక్కడ పడుతూ వచ్చిందో చెప్పడమే దీని పని. అభ్యాసానికి ఈ ఊరి సంఘటననే తీసుకుందాం. 1952 డిసెంబరు 15 రాత్రి మైలాపూర్‌లో, రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తి ఇంట్లో, 58 రోజుల నిరాహారదీక్ష తర్వాత పొట్టి శ్రీరాములు మరణించారు. వార్తకు ఈ ఒక్క వాక్యం చాలు. సంపాదకీయం తప్పెవరిదో వాదిస్తుంది. నేపథ్య కథనం ‘అసలు ఇంతదాకా ఎందుకొచ్చింది?’ అని అడుగుతుంది.

చాలామంది శాతవాహనుల దగ్గర మొదలుపెడతారు. అక్కడే సగం జాగా అయిపోతుంది. పరిస్థితిని మార్చిన మెట్లు మాత్రమే ఏరుకోవాలి. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ, కోరిక బహిరంగమైన చోటు. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక, కోస్తాకూ రాయలసీమకూ మధ్య నమ్మకం కోసం రాసుకున్న కాగితం. ఆ శ్రీబాగ్ మరేదో కాదు, ఆంధ్రపత్రిక నాగేశ్వరరావు మద్రాసు ఇల్లే. 1948లో ధార్ కమిషన్ భాష ప్రాతిపదికన రాష్ట్రాలు వద్దంది. 1949 ఏప్రిల్‌లో జవాహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి కమిటీ ఆంధ్ర విషయంలో కొంత తలుపు తీసింది. కానీ మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలంది. ముడి సరిగ్గా ఇక్కడ ఉంది. అందుకే కథనంలో ఎక్కువ పేరాలు ఈ మూడేళ్లకే ఇవ్వాలి. 1951లో స్వామి సీతారాం దీక్ష, 1952 అక్టోబరు 19న శ్రీరాములు దీక్ష దీని వెంటే వస్తాయి. డిసెంబరు 19న నెహ్రూ ప్రకటన, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం. 1913కు ఒక వాక్యం, 1949కి ఒక పేరా అన్న తూకం కుదిరితే కథనం నిలబడినట్టే.

ఇందులో తప్పులు కూడా తెలిసినవే. 1953 నాటి ఆంధ్ర రాష్ట్రాన్ని 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌తో కలిపేయడం మొదటిది. ‘చెన్నైలో దీక్ష’ అనడం రెండోది. 1996 దాకా నగరం అధికారిక పేరు మద్రాసే, ఏ కాలం గురించి రాస్తే ఆ కాలపు పేరు వాడాలి. మూడోది ‘అందువల్ల’. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం అయిపోదు. ఆధారం చూపలేని చోట ‘ఆ తర్వాత’ అని ఊరుకోవాలి.

తేదీలు సరిచూడటానికి ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది. పాత తెలుగు పత్రికలు కొన్నింటిని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసింది. వాటిలో వెతికేటప్పుడు ఒకటి మరవకూడదు. పత్రిక మీది తేదీ, సంఘటన తేదీ ఒకటి కావు. 15వ తేదీ రాత్రి పొద్దుపోయాక జరిగింది 16వ తేదీ పత్రికలోనో, దూరపు జిల్లాకు వెళ్లే సంచిక ముందే అచ్చయిపోతే 17నో కనిపిస్తుంది. విద్యార్థి దాన్నే సంఘటన తేదీగా దింపుకుంటాడు. అది చూసి ఇంకొకరు రాస్తారు, ఆ తర్వాత అదే తేదీ పోస్టర్ మీదికి ఎక్కుతుంది.